ముక్క పరీక్షలో తేలలేదంటే అర్థమేమిటి? ఐహెచ్‌సీ రంగులు ఏం చెబుతాయి?

మీరు అడిగింది ఇదీ. అమ్మగారికి 49 ఏళ్లు. కుడి రొమ్ములో సెంటీమీటరు దాటని గట్టి గడ్డ. లావు సూదితో ముక్కలు తీసి పరీక్షకు పంపితే, "గట్టిపడిన కణజాలం మధ్య చిన్న చిన్న గ్రంథులు కనిపిస్తున్నాయి. హాని లేనిదా, క్యాన్సరా తేల్చడానికి ఐహెచ్‌సీ అవసరం" అని రిపోర్టు వచ్చింది. ఈ రంగుల పరీక్షతో ఖాయంగా తేలుతుందా, మళ్లీ సూది గుచ్చాలా, చూసిన డాక్టరుకు తెలియక ఇలా రాశారా అన్నవి మీ మూడు సందేహాలు.

ముందుగా సూటి సమాధానాలు. చాలావరకు తేలుతుంది. మళ్లీ సూది గుచ్చాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. తీసిన ముక్కలు మైనపు దిమ్మెలో భద్రంగా ఉంటాయి. మేము దాన్ని బ్లాక్ అంటాం. దాని నుంచే ఇంకొన్ని పలుచటి పొరలు కోసి రంగులు వేస్తారు. ఇక మూడో సందేహం. ఆ వాక్యం తెలియక రాసింది కాదు. ఇలాంటి గడ్డలో క్యాన్సర్ కానిదాన్ని క్యాన్సర్ అని రాయడం, క్యాన్సర్‌ను కాదని రాయడం రెండూ సులువే. ఆ డాక్టరు రెండూ చేయకుండా ఆగారు. నేను ఇరవై నాలుగేళ్లుగా పాథాలజీలో, అంటే తీసిన ముక్కల్ని సూక్ష్మదర్శినిలో చూసి జబ్బు తేల్చే పనిలో ఉన్నాను. రోజూ రొమ్ము స్లైడ్లు చూస్తాను. మీ అమ్మగారి స్లైడు నా ముందుకు వచ్చినా బహుశా అదే వాక్యం రాసి ఉండేవాడిని.

ఇక వివరంగా చెబుతాను, ఎందుకంటే రేపు రిపోర్టు చేతికి వచ్చాక అందులోని మాటలు మిమ్మల్ని అనవసరంగా భయపెట్టవచ్చు, లేదా తప్పుడు ధైర్యం ఇవ్వవచ్చు.

మొదట తెలుసుకోవలసింది, క్యాన్సర్‌కు మాత్రమే అంటుకునే రంగు అంటూ ఏదీ లేదు. "స్టెయినింగ్ చేస్తే క్యాన్సర్ కణాలు వేరే రంగులో కనిపిస్తాయట కదా" అని చాలామంది అడుగుతారు. అలా ఉంటే మా పని ఎంతో తేలికయ్యేది. రంగు చూపేది ఒక ప్రోటీన్ ఉందా, లేదా అన్నది మాత్రమే. ఆ ప్రోటీన్ ఎక్కడ ఉంది, ఏ కణంలో ఉంది, అక్కడ ఉండవలసినదేనా అన్న విచారణ మనిషి చేయాలి.

ప్రతి ముక్కకూ మొదట వేసేవి రెండు రంగులు, హిమటాక్సిలిన్, ఇయోసిన్. హిమటాక్సిలిన్ మధ్య అమెరికాలో పెరిగే ఒక చెట్టు చేవ నుంచి వస్తుంది. అది కణ కేంద్రకాలను ఊదా కలిసిన నీలంగా మారుస్తుంది. ఇయోసిన్ మిగతా కణ పదార్థాన్ని గులాబీ రంగులోకి తెస్తుంది. వందేళ్లు దాటినా పాథాలజీకి ఇప్పటికీ ఇవే పునాది. రొమ్ము గడ్డల్లో అత్యధికం ఈ రెండు రంగులతోనే తేలిపోతాయి. పాతికేళ్ల అమ్మాయి రొమ్ములో జారిపోతూ తగిలే గడ్డ ఫైబ్రోఅడినోమా అనే హాని లేని గడ్డ అని చెప్పడానికీ, గుర్తుపట్టలేనంతగా వికారమైన కణాలు కొవ్వులోకి చొచ్చుకుపోతున్న గడ్డ క్యాన్సర్ అని చెప్పడానికీ వేరే రంగులు అక్కర్లేదు. చిక్కంతా ఆ రెండింటి మధ్య ఉన్న సన్నటి భాగంలో. మీ అమ్మగారి ముక్క ప్రస్తుతం అక్కడ ఉంది.

ఎందుకు చిక్కో తెలియాలంటే రొమ్ము లోపలి నిర్మాణం కొంచెం తెలియాలి. పాలు తయారయ్యే చిన్న గదులు, పాలు ప్రవహించే నాళాలు కలిసి రొమ్ము గ్రంథి అవుతుంది. ప్రతి గదికీ, ప్రతి నాళానికీ లోపలి వైపు ఒక వరుస కణాలు ఉంటాయి. వాటి చుట్టూ బయటి వైపు మరో వరుస ఉంటుంది. ఈ బయటి వరుసే మయోఎపితీలియల్ కణాలు. వీటికి కండరంలా ముడుచుకునే శక్తి ఉంది. బిడ్డ పాలు తాగేటప్పుడు పాలను ముందుకు నెట్టేది ఇవే. వీటికి ఆనుకుని బేస్‌మెంట్ మెంబ్రేన్ అనే పలుచటి పొర.

నాళాన్ని పంటకాలువ అనుకోండి. మయోఎపితీలియల్ వరుస దాని గట్టు. హాని లేని గడ్డల్లో కాలువ వంకర పోవచ్చు, నలగవచ్చు, ఒకటి పది కావచ్చు. గట్టు మాత్రం ఉంటుంది. చుట్టుపక్కలకు పాకే క్యాన్సర్‌లో గ్రంథుల చుట్టూ ఆ గట్టు ఉండదు. మేము రంగులు వేసి వెతికేది ఈ గట్టునే.

గట్టును మామూలు రంగులతోనే చూడవచ్చు కదా అంటారేమో. ఆరోగ్యంగా ఉన్న నాళంలో బాగానే కనిపిస్తుంది. స్క్లిరోజింగ్ అడినోసిస్ అనే హాని లేని మార్పులో గదులు పెరిగి, వాటి చుట్టూ పీచు కణజాలం గట్టిపడి, గదుల్ని నలిపేస్తుంది. నలిగిన గదులు సన్నటి గీతల్లా, కోణాలు తేలి, అచ్చం పాకుతున్న క్యాన్సర్‌లా కనిపిస్తాయి. బయటి వరుస కణాలు నొక్కుకుపోయి, ఉన్నాయో లేవో తెలియదు. రేడియల్ స్కార్ అనే మరో మార్పులో మధ్య మచ్చలా గట్టిపడి, నాళాలు దానిలో చిక్కుకుని, చుట్టూ కిరణాల్లా సాగుతాయి. ఇది మామోగ్రామ్‌లోనూ క్యాన్సర్‌లాగే నక్షత్రాకారంలో కనిపిస్తుంది. మరోవైపు ట్యూబ్యులర్ కార్సినోమా అనే నిజమైన క్యాన్సర్ ఉంది. దాని కణాలు ఎంత మృదువుగా, ఎంత సాధారణంగా ఉంటాయంటే కళ్లు మోసపోతాయి. మొత్తం గడ్డ చేతిలో ఉంటే సూక్ష్మదర్శినిలో మరీ పెద్దది చేయకుండా మొత్తంగా చూసినప్పుడు ఆకారం చాలావరకు గుట్టు విప్పుతుంది. అడినోసిస్ గుంపు గుంపుగా, గది హద్దుల్లో ఉంటుంది. ట్యూబ్యులర్ కార్సినోమా గ్రంథులు క్రమం లేకుండా చెదిరి కొవ్వులోకి వెళ్తాయి. సూదితో తీసిన ముక్క దారంలా సన్నగా ఉంటుంది. దానిలో ఆ హద్దు అందదు. అప్పుడే ఐహెచ్‌సీ.

ఐహెచ్‌సీ అంటే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ. ఒక ప్రత్యేకమైన ప్రోటీన్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీని ముక్క మీద పోస్తారు. ఆ ప్రోటీన్ ఉన్నచోట అది అతుక్కుంటుంది. దానికి జోడించిన ఎంజైము ఒక రసాయనాన్ని గోధుమ రంగులోకి మారుస్తుంది. ప్రోటీన్ ఉన్నచోట గోధుమ రంగు, లేనిచోట లేత నీలం. యాంటీబాడీకి వెలిగే రంగు జోడించి కణజాలంలో వెతకవచ్చని ఆల్బర్ట్ కూన్స్ బృందం 1941లో చూపింది. ముక్క చెడిపోకుండా కాపాడే ఫార్మలిన్ అనే ద్రవంలో ఉంచి మైనంలో పెట్టిన ముక్కల్లో చాలా ప్రోటీన్లు మూసుకుపోయి అందేవి కావు. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే అవి మళ్లీ అందుతాయని 1991లో తెలిశాక ఈ పరీక్ష మామూలు ల్యాబుల్లోకి రాగలిగింది. మీ అమ్మగారి పాత బ్లాకునే వాడుకోగలుగుతున్నామంటే ఆ వేడి చేసే పద్ధతి వల్లనే.

గట్టును వెతకడానికి నేను ఎక్కువగా నమ్మేది పి63 అనే ప్రోటీన్‌ను చూపే రంగుని. ఇది మయోఎపితీలియల్ కణాల కేంద్రకాలకే అంటుకుంటుంది. గ్రంథి చుట్టూ గోధుమ చుక్కలు గుచ్చిన దండలా కనిపిస్తాయి. చుట్టుపక్కల ఉండే పీచు కణాలకు, రక్తనాళాలకు అంటుకోదు కాబట్టి గందరగోళం తక్కువ. ఇబ్బంది ఏమిటంటే కేంద్రకాలకే అంటుకుంటుంది గనుక చుక్కకూ చుక్కకూ మధ్య ఖాళీలు ఉంటాయి. చిన్న గ్రంథిలో ఆ ఖాళీయే పొరలో పడితే గట్టు లేదనిపిస్తుంది. అందుకే దానికి తోడు కణ పదార్థానికి అంటుకునే స్మూత్ మజిల్ మయోసిన్ గానీ, కాల్పోనిన్ గానీ వేస్తాను. అవి గ్రంథి చుట్టూ గీత గీసినట్టు కనిపిస్తాయి. ఒక్క రంగు చూసి తీర్పు చెప్పకూడదు. కనీసం రెండు, ఒకటి కేంద్రకానిది, ఒకటి కణ పదార్థానిది. దీన్ని నేను పుస్తకంలో చదివి వదిలేసిన మాటగా చెప్పడం లేదు.

నేను ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో మా ల్యాబులో ఈ పనికి స్మూత్ మజిల్ యాక్టిన్ ఒక్కటే ఉండేది. యాభై దాటిన ఒక ఆమె ముక్కలో కణాల గుంపుల చుట్టూ గోధుమ రంగు గీత స్పష్టంగా కనిపించింది. గట్టు ఉందనుకున్నాను. క్యాన్సర్ కణాలు నాళం లోపలే ఉన్నాయి, బయటికి రాలేదు అని రాశాను. శస్త్రచికిత్స తర్వాత మొత్తం గడ్డ చూస్తే అది బయటికి పాకిన క్యాన్సరే. నేను గట్టు అనుకున్నది గట్టు కాదు. క్యాన్సర్ చుట్టూ పుట్టే మయోఫైబ్రోబ్లాస్టులనే పీచు కణాలు. యాక్టిన్ వాటికీ అంటుకుంటుంది. చంకలోని లింఫ్ గ్రంథులకు క్యాన్సర్ పాకిందేమో చూడటం కోసం ఆమె రెండోసారి ఆపరేషన్ బల్ల ఎక్కవలసి వచ్చింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఎందుకు రెండోసారో ఆమెకు వివరించిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత యాక్టిన్ ఒక్కదాని మీద ఆధారపడి ఎప్పుడూ రిపోర్టు రాయలేదు.

మంచి వైపు కేసులు కూడా ఉన్నాయి. 45 ఏళ్ల ఒక ఉపాధ్యాయురాలి ముక్క రెండో అభిప్రాయానికి నా దగ్గరికి వచ్చింది. బయట ఒకచోట మామూలు రంగులతోనే క్యాన్సర్ అనుమానం ఉందని రాశారు. రొమ్ము తీసివేయడానికి తేదీ కూడా అనుకున్నారు. పి63 వేస్తే ప్రతి నలిగిన గ్రంథి చుట్టూ చుక్కలు ఒకదాని వెనుక ఒకటి తేలాయి. మయోసిన్‌లోనూ గీత పూర్తిగా ఉంది. స్క్లిరోజింగ్ అడినోసిస్. స్కానింగ్ డాక్టరుతో మాట్లాడి, చిత్రాలు కూడా దానికి సరిపోతున్నాయని నిర్ధారించుకున్నాకే రాశాను. ఆమెకు ఆపరేషన్ జరగలేదు. ఏడాదికోసారి మామోగ్రామ్ చేయించుకుంటున్నారు.

దీనికి పూర్తిగా ఎదురు కేసు ఒకటి. 53 ఏళ్ల ఆమెది. ముక్కలో పది, పన్నెండు చిన్న గ్రంథులు. కణాలు చిన్నవి, ఒద్దికగా ఉన్నాయి. విభజన చెందుతున్న కణం ఒక్కటీ లేదు. నా మొదటి అంచనా హాని లేనిదనే. రంగులు వేశాక అదే స్లైడులో పక్కనున్న మామూలు నాళం చుట్టూ గోధుమ దండ చక్కగా ఉంది. ఆ పది, పన్నెండు గ్రంథుల చుట్టూ ఒక్క చుక్క లేదు, రెండు రంగుల్లోనూ లేదు. ట్యూబ్యులర్ కార్సినోమా. ఈ రకం నెమ్మదిగా పెరుగుతుంది, చికిత్సకు బాగా లొంగుతుంది. చిన్నగా ఉండగా దొరకడం ఆమెకు మేలైంది.

ఈ కేసులో "పక్కనున్న మామూలు నాళం" అన్నాను, గమనించారా? అది చాలా ముఖ్యం. రంగు అంటుకోకపోవడానికి రెండు కారణాలు ఉండవచ్చు. ప్రోటీన్ లేకపోవడం ఒకటి, పరీక్ష విఫలం కావడం రెండోది. అదే ముక్కలోని మామూలు నాళానికి రంగు అంటుకుంటే పరీక్ష పనిచేసిందని అర్థం. దానికీ అంటుకోకపోతే ఆ స్లైడు నుంచి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

ఇప్పుడు రిపోర్టులోని ఒక మాట గురించి. ఇక్కడ "పాజిటివ్" అంటే చెడ్డ వార్త కాదు. "పి63 పాజిటివ్, మయోసిన్ పాజిటివ్" అని చూసి ఇంట్లో అందరూ ఏడ్చారని ఒక అబ్బాయి నాకు ఫోన్ చేశాడు. నిజానికి అది మేము ఆశించిన ఫలితం. గట్టు ఉంది, కణాలు బయటికి పాకలేదు అని దాని అర్థం. ఆ రాత్రంతా ఆ ఇంట్లో ఎవరూ నిద్రపోలేదట. అప్పటి నుంచి నా రిపోర్టుల్లో రంగుల ఫలితాల కింద "అంటే దీని భావం ఇది" అని ఒక వాక్యం తప్పకుండా రాస్తున్నాను. మీ రిపోర్టులో ఆ వాక్యం లేకపోతే అడిగి రాయించుకోండి.

కానీ ఇక్కడే రెండో మెలిక. గట్టు ఉన్నంత మాత్రాన లోపలి నీరు మంచిదని కాదు. నాళం లోపలే క్యాన్సర్ కణాలు నిండి, గట్టు దాటకుండా ఉండే దశ ఒకటి ఉంది. దాన్ని డీసీఐఎస్ అంటారు. అక్కడా పి63 దండ చుట్టూ ఉంటుంది. అంటే పి63 జవాబిచ్చేది "బయటికి పాకిందా?" అన్న ప్రశ్నకు. "లోపలి కణాలు ఎలాంటివి?" అన్నది వేరే ప్రశ్న, దానికి వేరే రంగులు.

నాళం లోపల కణాలు పెరిగి నిండినప్పుడు అది మామూలు పెరుగుదలా, అసాధారణ పెరుగుదలా, తక్కువ తీవ్రత గల డీసీఐఎస్సా అన్నది రొమ్ము పాథాలజీలో అన్నిటికంటే కష్టమైన ప్రశ్నల్లో ఒకటి. అనుభవం ఉన్న పాథాలజిస్టులే ఒకే స్లైడు మీద వేర్వేరు అభిప్రాయాలు చెబుతారు. ఇక్కడ సీకే5/6 (ఒక రకం కెరాటిన్ ప్రోటీన్), ఈఆర్ (ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను అందుకునే ప్రోటీన్) అనే జంట కొంత సాయం చేస్తుంది. మామూలు పెరుగుదల పెరట్లో తమంతట తామే మొలిచిన మొక్కల్లాంటిది. రకరకాల కణాలు కలిసి ఉంటాయి. కాబట్టి సీకే5/6 కొన్నిటికి అంటుకుంటుంది, కొన్నిటికి అంటుకోదు. ఈఆర్ కూడా అక్కడక్కడ, ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా ఉంటుంది. అసాధారణ పెరుగుదల, తక్కువ తీవ్రత గల డీసీఐఎస్ ఒకే విత్తనం చల్లిన మడి లాంటివి. కణాలన్నీ ఒకే రకం. సీకే5/6 వాటికి అంటుకోదు, ఈఆర్ మాత్రం అన్నిటికీ ఒకే తీరుగా, గట్టిగా అంటుకుంటుంది.

ఈ జంటను గుడ్డిగా నమ్మకూడదు. ఎపోక్రైన్ మార్పు చెందిన (చెమట గ్రంథి కణాల్లా మారిన) హాని లేని కణాలకు, కాలమ్నార్ మార్పు చెందిన (స్తంభాల్లా పొడుగైన) కణాలకు కూడా సీకే5/6 అంటుకోదు. మరోవైపు తీవ్రమైన డీసీఐఎస్ కొన్నిటికి సీకే5/6 బాగా అంటుకుంటుంది. అసాధారణ పెరుగుదలకూ తక్కువ తీవ్రత గల డీసీఐఎస్‌కూ తేడాను ఏ రంగూ చూపదు. ఎంత మేర వ్యాపించిందన్న కొలత మీద చెబుతాం. సాధారణంగా 2 మిల్లీమీటర్లు, లేదా రెండు నాళాలు అనే గీతను వాడతాం. సన్నటి సూది ముక్కలో ఆ కొలత సరిగా అందదు. అందుకే సూది ముక్కలో అసాధారణ పెరుగుదల అని వస్తే, చాలామంది సర్జన్లు ఆ భాగాన్ని తీసి మొత్తం చూద్దాం అంటారు. కొందరిలో పక్కనే డీసీఐఎస్ గానీ, క్యాన్సర్ గానీ దొరుకుతుంది. అలా అన్నారంటే మీ దగ్గర ఏదో దాస్తున్నారని అనుకోవద్దు.

గట్టు సూత్రానికీ మినహాయింపులు ఉన్నాయి. మైక్రోగ్లాండ్యులర్ అడినోసిస్ అనే చాలా అరుదైన మార్పులో మయోఎపితీలియల్ వరుసే ఉండదు, అయినా అది క్యాన్సర్ కాదు. దాన్ని ఎస్100 అనే మరో రంగు అంటుకోవడం, బేస్‌మెంట్ మెంబ్రేన్ చుట్టూ చెక్కుచెదరకుండా ఉండడం, ఈఆర్ అంటుకోకపోవడం చూసి గుర్తుపడతాం. ఎన్‌క్యాప్సులేటెడ్ పాపిల్లరీ కార్సినోమాలో గట్టు ఉండదు, అయినా అది ఎక్కువగా గట్టు దాటని క్యాన్సర్‌లాగే నడుచుకుంటుంది. మెటాప్లాస్టిక్ కార్సినోమా వంటి కొన్ని క్యాన్సర్లలో క్యాన్సర్ కణాలకే పి63 అంటుకుంటుంది. ఇవి తక్కువగా ఎదురవుతాయి. అయినా చెబుతున్నది ఎందుకంటే, ఇంటర్నెట్‌లో "పి63 ఉంటే మంచిది, లేకపోతే క్యాన్సర్" అని ఒక్క వాక్యంలో రాసినవి చదివి మీరు మీ అంతట మీరే తీర్మానించుకోకూడదని.

లోబ్యులర్ కార్సినోమా గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే తప్పిపోయే క్యాన్సర్లలో ఇది ముందుంటుంది. దీని కణాలు గ్రంథులు కట్టవు. చీమల బారులా ఒకదాని వెనుక ఒకటి పీచు కణజాలంలోకి వెళ్తాయి. తక్కువ కణాలుంటే మామూలు రంగుల్లో అవి వాపు కణాల్లా కనిపించి దాటిపోతాయి. అనుమానం వస్తే గ్రంథి కణాల్లో ఉండే సైటోకెరాటిన్ అనే ప్రోటీన్‌ను చూపే రంగు వేస్తాను. వాపు కణాలకు అది అంటుకోదు, క్యాన్సర్ కణాలకు అంటుకుని బారు మొత్తం ఒక్కసారిగా బయటపడుతుంది. మరో వైపు, పాత దెబ్బ వల్ల కొవ్వు చచ్చిపోయి గట్టిపడిన చోట నురగలాంటి కణాలు పేరుకుని క్యాన్సర్‌లా భ్రమ కలిగిస్తాయి. వాటికి సైటోకెరాటిన్ అంటుకోదు, శిథిలాల్ని తినే కణాలను చూపే సీడీ68 అంటుకుంటుంది. పాలిచ్చే వయసు తల్లుల్లో వచ్చే గ్రాన్యులోమా వాపులు కూడా చేతికి క్యాన్సర్ గడ్డలాగే గట్టిగా తగులుతాయి. అప్పుడు క్షయ కోసం జీల్-నీల్సన్ రంగు వేసి చూస్తాం. మన దేశంలో రొమ్ము క్షయను మరచిపోకూడదు.

చాలామంది అడిగే ఈఆర్, పీఆర్, హెర్2, కేఐ67 పరీక్షలు క్యాన్సర్ అని తేలాక ఏ మందు పనిచేస్తుందో, ఎంత వేగంగా పెరుగుతోందో తెలుసుకోవడానికి. ఇందాక చెప్పిన సీకే5/6, ఈఆర్ జంట సంగతి వేరు. క్యాన్సరా కాదా అని తేల్చడానికి ఈ నాలుగింటినీ చేయించకండి. ఆరోగ్యంగా ఉన్న రొమ్ము కణాలకూ ఈఆర్ అంటుకుంటుంది. ఇప్పుడే ఆ నాలుగూ చేయిద్దామని ఎవరైనా అంటే, నిర్ధారణ అయ్యేవరకు ఆగమని చెప్పండి. పైగా బ్లాకులో ఉన్నది చిటికెడు కణజాలం. అనవసరమైన పరీక్షలకు పొరలు కోస్తూ పోతే అసలు చూడవలసిన గ్రంథులే అయిపోతాయి. ఇది నాకు జరిగింది. అనుమానపు భాగం ఒక మిల్లీమీటరు మేర ఉంది. కొత్త పొరలు కోసేసరికి ఆ భాగం దాటిపోయి, పి63 స్లైడులో వెతకవలసిన గ్రంథులే లేవు. ఆ రోగికి నిజంగానే మళ్లీ సూది గుచ్చవలసి వచ్చింది. "సాధారణంగా" అన్నమాట మొదట్లో వాడింది అందుకే. ఇప్పుడు సూది ముక్కలు వచ్చినప్పుడే మధ్య పొరలు కొన్ని రంగు వేయకుండా విడిగా తీసిపెట్టమని మా టెక్నీషియన్లకు చెబుతాను.

ఈ పరీక్ష బాగా రావడంలో సగం భారం మా ల్యాబు చేరకముందే తీరిపోతుంది. తీసిన ముక్కను గంటలోపే, పది శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి. అందులో కనీసం 6 గంటలు, గరిష్ఠంగా 72 గంటలు ఉండాలి. తక్కువైతే కణజాలం సరిగా గట్టిపడదు, మరీ ఎక్కువైతే ప్రోటీన్లు మూసుకుపోయి యాంటీబాడీకి అందవు. మన దగ్గర చాలా ఊళ్లలో ముక్కను డబ్బాలో వేసి, ల్యాబుకు తీసుకెళ్లమని బంధువుల చేతికే ఇస్తారు. సెలైన్‌లో తేలుతూ వచ్చిన ముక్కలు, శనివారం సాయంత్రం తీసి సోమవారం దాకా ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చిన ముక్కలు నేను చూశాను. పెట్టినవారి తప్పు లేదు, చెడిపోకూడదనే జాగ్రత్తతోనే పెట్టారు. వారికి చెప్పవలసినవాళ్లు చెప్పలేదు. అలాంటి ముక్కల్లో మామూలు నాళానికే రంగు అంటుకోలేదు. డబ్బా మీ చేతికి ఇస్తే అందులో పోసింది ఫార్మలినేనా అని అడగండి. ముక్క పూర్తిగా మునిగి ఉండాలి. డబ్బా మీద పేరు, ఏ వైపు రొమ్ము, ముక్క తీసిన సమయం ఉండాలి. ఫ్రిజ్ అక్కర్లేదు.

ఇప్పుడు మీ అమ్మగారి విషయానికి వస్తాను. ముక్క తీసిన చోటే ఐహెచ్‌సీ సదుపాయం ఉంటే అక్కడే చేయించండి. సాధారణంగా రెండు, మూడు పనిదినాల్లో ఫలితం వస్తుంది. లేకపోతే బ్లాకునూ, మామూలు రంగులు వేసిన స్లైడునూ, రిపోర్టు ప్రతినీ తీసుకుని రొమ్ము కేసులు ఎక్కువగా చూసే కేంద్రానికి ఇవ్వండి. బ్లాకు ఒక్కటే పంపకండి, పాత స్లైడు చూడకుండా ఎవరూ సరైన తీర్పు చెప్పలేరు. బ్లాకు మామూలు గది వేడికి పాడవదు గానీ మైనం మైనమే. రోహిణి కార్తె ఎండలో మూసిన కారులో వదిలేయకండి. బ్లాకు అడగడం రోగి హక్కు. అడిగితే ఎవరూ నొచ్చుకోరు. రెండో అభిప్రాయానికి మా ల్యాబు నుంచి వెళ్లే బ్లాకుల్ని నేనే సంతకం చేసి పంపిస్తాను.

ఫలితం ఏదైనా మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ చిత్రాలతో పోల్చకుండా ఆగిపోవద్దు. అది నేను రాసే రిపోర్టుకూ వర్తిస్తుంది. చేతికి తగిలిన తీరు, చిత్రం, ముక్క, ఈ మూడూ ఒకే మాట చెప్పాలి. చిత్రంలో నక్షత్రంలా అనుమానంగా ఉన్న గడ్డ నుంచి వచ్చిన ముక్క పూర్తిగా హాని లేనిదని వస్తే, సూది గడ్డ పక్కన గుచ్చుకుందేమో అని ముందు ఆలోచించాలి. అప్పుడు రంగులు ఎంత అందంగా వచ్చినా మళ్లీ ముక్క తీయవలసిందే. రిపోర్టు వచ్చాక డాక్టరును ఇవి అడగండి: గట్టు కోసం ఏ ఏ రంగులు వేశారు, ఒకటేనా రెండా? పక్కనున్న మామూలు నాళానికి రంగు అంటుకుందా? అనుమానపు గ్రంథులు కొత్త స్లైడులోనూ ఉన్నాయా? స్కానింగ్ డాక్టరు ఈ ఫలితంతో ఏకీభవిస్తున్నారా?

సెంటీమీటరు దాటని గడ్డ, కణాల్లో పెద్ద వికారం లేదని రాసినట్టున్నారు. నేను స్లైడు చూడలేదు కాబట్టి ఇది ఫలానా అని చెప్పను, చెప్పకూడదు. ఒకవేళ క్యాన్సరే అని తేలినా ఈ పరిమాణంలో దొరికినదానికి చేయగలిగింది చాలా ఉంది. ఈ మూడు రోజులు అమ్మగారితో ఎవరో ఒకరు ఉండండి. "రంగు పరీక్షకు ఇచ్చాం" అని దాచకుండా చెప్పండి. దాచిన దాన్ని వాళ్లు అంతకంటే పెద్దగా ఊహించుకుంటారు. రిపోర్టు వచ్చాక పేరు, ఆసుపత్రి వివరాలు తీసేసి ఇక్కడ పెట్టండి, ఏ మాటకు ఏ అర్థమో చెబుతాను.